హాల్లో బంగారు రంగు గోడ: వేరే కంపెనీ పెయింట్‌తో అతుకు కలవడం లేదు, సాయం చేయండి

తోటపాలెం_ఇల్లు (విజయనగరం) | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విజయనగరం తోటపాలెంలో పద్నాలుగేళ్ల నాటి ఇల్లు. హాల్లో టీవీ ఉన్న గోడకు ఐదేళ్ల కిందట ముదురు బంగారు రంగు వేయించాం. మిగతా మూడు గోడలూ గంధం రంగు. ఆ గోడంటే మా మామగారికి ప్రాణం. సాయంత్రం దీపం పెట్టే వేళకు చూస్తే బెల్లం పాకం తీగ సాగబోయే ముందు ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

పోయిన నెల ఏసీ పెట్టించినప్పుడు పైపు కోసం, ప్లగ్ పాయింట్ కోసం గోడకు గాడి కొట్టారు. సిమెంటు పూసి పుట్టీ పెట్టాక నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు తెల్ల మచ్చ మిగిలింది. అప్పట్లో రంగు కొన్న షాపు ఎత్తేశారు. కోడ్ చీటీ డబ్బా మూత మీద ఉండేది. ఆ డబ్బాలో మా అత్తగారు తులసి మొక్క వేశారు, మూత ఎటు పోయిందో తెలియదు. షేడ్ పేరులో 'గోల్డ్' అని ఉన్నట్టు మాత్రం నాకు బాగా గుర్తు.

ఇప్పుడు మాకు దగ్గర్లో ఉన్న షాపులో వేరే కంపెనీ రంగులు అమ్ముతారు. పేరు చెబితే షేడ్ కార్డు తిరగేసి, ఇంచుమించు అదే పేరున్న రంగు లీటరు కలిపి ఇచ్చారు. పగలు వేశాం, బాగానే కలిసిందనుకున్నాం. రాత్రి ట్యూబ్‌లైట్ వేసేసరికి మచ్చ ఆకుపచ్చగా తేలింది. మర్నాడు డబ్బా పట్టుకెళ్లి షాపులో కుర్రాడితో "బాబూ, మరీ పచ్చగా ఉంది, పచ్చదనం కాస్త తగ్గించు" అన్నాను. ఏదో పోసి, తిప్పి ఇచ్చాడు. వేస్తే ఇప్పుడు మట్టి రంగు. పక్కనున్న గోడకు ఉన్న నిగనిగ కూడా దీనికి లేదు.

ఇంకా పదకొండు రోజుల్లో మా ఆడపడుచు నిశ్చితార్థం, ఈ హాల్లోనే. ఫోటోలన్నీ ఆ గోడ ముందే. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. గోడ మొత్తం కొత్త రంగు వేయించేద్దామంటే మామగారు ఒప్పుకోవడం లేదు, "ఆ రంగు మళ్లీ రాదమ్మా" అంటున్నారు. వేరే కంపెనీలో ఇదే రంగు తెప్పించడం అసలు కుదిరే పనేనా?

మూడులాంతర్లు (విజయనగరం) | ఆదివారం, రాత్రి 9:52

అసలు బంగారాన్నే రెండు కొట్లకు తీసుకెళ్తే రెండు మాటలు చెబుతారు, గోడ మీది బంగారం ఎంత చెప్పండి. సరదాకి అన్నాను మేడం. తెలిసినవాళ్లు వస్తారు, ఉండండి.

టింటింగ్_మెషిన్ (శ్రీకాకుళం) | ఆదివారం, రాత్రి 10:31

మేడం, శ్రీకాకుళంలో పెయింట్ షాపు నడుపుతున్నాను. ఏ కంపెనీదో చెప్పను, చెబితే ప్రచారం అంటారు.

ముందుగా, షేడ్ పేరు మర్చిపోండి. ఏషియన్ పెయింట్స్‌కు వాళ్ల షేడ్ కార్డు, బెర్జర్‌కు వాళ్లది, నెరోలాక్, డ్యూలక్స్ ఎవరిది వాళ్లదే. గోల్డ్, హనీ, మస్టర్డ్ అనేవి అమ్ముకోవడానికి పెట్టుకున్న పేర్లు. రెండు కంపెనీల్లో ఒకే పేరు కనబడితే అది ఇద్దరు పిల్లలకు ఒకే పేరు పెట్టినట్టు, అంతకు మించి చుట్టరికం లేదు.

కోడ్ ఉన్నా మీకు పెద్దగా పనికొచ్చేది కాదు. కోడ్ అంటే వంట కొలత. ఫలానా బేస్ లీటరుకు పసుపు ఇన్ని మిల్లీలీటర్లు, ఎరుపు ఇన్ని, నలుపు ఇన్ని అని మెషిన్‌కు చెబుతుంది. బేస్ అంటే రంగు పడకముందు ఉన్న పెయింట్. అందులో తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ ఎంత ఉందో దాన్నిబట్టి లేత షేడ్లకు ఒక బేస్, మధ్యరకానికి ఒకటి, ముదురు వాటికి ఒకటి ఉంటాయి. ఆ బేస్ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. అందులో పోసే రంగుల గాఢత కూడా ఒకటి కాదు. మీ అమ్మగారి పులిహోర కొలత తీసుకుని చింతపండు బదులు నిమ్మరసం పోసినట్టు అవుతుంది. పుల్లగానే ఉంటుంది, ఆ పులిహోర మాత్రం కాదు.

కొన్ని షాపుల కంప్యూటర్లో వేరే కంపెనీల షేడ్లకు దగ్గరి ఫార్ములాలు ఎక్కించి ఉంటాయి. గది మొత్తం కొత్తగా వేసుకునేవాళ్లకు అవి చాలు. పాత గోడలో అతుకు వేయడానికి చాలవు, ఎందుకంటే పాతా కొత్తా పక్కపక్కనే ఉంటాయి.

కాబట్టి పేరో కోడో కాదు, గోడనే షాపుకు పట్టుకెళ్లాలి. గాడి కొట్టిన అంచు ఎలాగూ ఉంది కదా, అక్కడ కొత్త బ్లేడుతో రెండంగుళాల చదరం గీసి, పుట్టీతో సహా లేపండి. పైన రంగు పొర పగలకూడదు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి ఆరబెట్టండి. రంగు చదివే మీటర్ ఉన్న షాపుకు వెళ్లండి. స్పెక్ట్రోఫోటోమీటర్ అంటారు, అరచేతిలో పట్టేంత ఉంటుంది. ముక్క మీద ఆనించి నొక్కితే, వాళ్ల బేస్‌లో ఆ రంగు రావడానికి ఏం పోయాలో కంప్యూటరే లెక్క కట్టి ఇస్తుంది.

సిమెంటు_లెక్కలు (రాజాం) | ఆదివారం, రాత్రి 10:48

ఉన్న గోడను మళ్లీ చెక్కడం ఎందుకండీ. స్విచ్‌బోర్డు ప్లేటు విప్పండి, దాని వెనుక అంచున పాత రంగు ఉంటుంది. ఎండ తగల్లేదు, దుమ్ము పట్టలేదు. అచ్చమైన రంగు అదే.

రోలర్_బాబాయ్ (బొబ్బిలి) | సోమవారం, ఉదయం 6:15

రాజాం బాబూ, అక్కడే పప్పులో కాలేశావు. ప్లేటు వెనుక ఉన్నది ఐదేళ్ల కిందటి రంగు. అమ్మకు కావలసింది ఇవాళ్టి గోడ రంగు. ఈ ఐదేళ్లూ ఆ గోడ అగరొత్తి పొగ పీల్చింది, కిటికీ ఎండ తిన్నది, పిల్లల చేతులు తుడిచింది. ప్లేటు వెనుక రంగుకు కలిపితే ప్లేటు పక్కనే మచ్చ తేలుతుంది. ముక్క తీస్తే అతుకు పక్కనే తీయాలి. అది కూడా ముందు గోడ తుడిచాక. మసి రంగుకు మ్యాచింగ్ చేయించుకున్నవాళ్లను చూశాను నేను.

మా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు పనస చెక్కతో చేస్తారు. చెక్కిన కొత్తలో పచ్చి పసుపు, ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది. పాత వీణకు చెక్క అతుకు వేసేవాడు కొత్త చెక్క రంగు చూసి మురిసిపోతే ఏటి లాభం?

ఇక అమ్మా, మీ పచ్చదనం సంగతి. షాపు కుర్రాడి తప్పు సగం, మన మాట తప్పు సగం. పచ్చకామెర్లు అన్నా పచ్చే, పచ్చగడ్డి అన్నా పచ్చే. పసిమి బంగారాన్ని కూడా పచ్చగా ఉందనే అంటాం. మీరు ఆకుపచ్చ తగ్గించమన్నారు, వాడు పసుపు తగ్గించమన్నారనుకున్నాడు. డబ్బాలో పడిన పసుపును బయటికి తీయలేడు కదా, దాన్ని చంపడానికి నలుపో వంకాయ రంగో నాలుగు చుక్కలు పోసి ఉంటాడు. మట్టి రంగు అలాగే వస్తుంది.

మొదట ఆకుపచ్చ ఎందుకు తిరిగిందంటే, పసుపును ముదురు చేయడానికి నలుపు వాడితే ఆకుపచ్చ ఛాయ తేలుతుంది. కావాలంటే గిన్నెలో చేసి చూసుకోండి. పసుపు ముదరాలి కానీ వెచ్చగా ఉండాలంటే రెడ్ ఆక్సైడ్ గానీ, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు గానీ పడాలి. ఆ రోజు డబ్బాలో రెండు మూడు చుక్కల రెడ్ ఆక్సైడ్ వేయిస్తే చాలా వరకు దారికొచ్చేది. ఇప్పుడు ఆ డబ్బా పారేయండి, దాన్ని ఇంకా బాగు చేయబోతే ఇంకా చెడుతుంది.

తోటపాలెం_ఇల్లు | సోమవారం, ఉదయం 7:05

బాబాయ్ గారూ, చదివి ఇంట్లో అందరం నవ్వుకున్నాం. తెలుగు టీచర్ని అయ్యుండి ఈ 'పచ్చ' దగ్గర దెబ్బతిన్నాను. రేపు బడి అయ్యాక ముక్క తీసుకుని వెళ్తాను.

కానీ ఒక అనుమానం. మొదటి రోజు పగలు అంత బాగా కలిసిన రంగు రాత్రికి ఎలా మారింది? రంగు అదే కదా.

పొందూరు_నూలు (పొందూరు) | సోమవారం, ఉదయం 9:20

అక్కా, మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డ కొంటే ఏం చేస్తాం? లోపల లైటు కింద చీరకు అచ్చంగా సరిపోతుంది. అయినా గుమ్మం బయటికి వెళ్లి ఎండలో పెట్టి చూస్తాం. సగం సార్లు అక్కడ తేడా బయటపడుతుంది. మీకు అదే తిరగబడి జరిగింది.

అన్నట్టు ఆ గోడకు ఎదురుగా కిటికీ ఉందా? కర్టెన్లు ఏ రంగు?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం) | సోమవారం, మధ్యాహ్నం 1:12

పొందూరు అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, రంగు కొలిచే మీటర్ మాకు రోజూ వాడకమే. కాస్త వివరంగా రాస్తాను, విసుగనిపిస్తే దాటేయండి.

పసుపు రంగు పెయింట్‌లో రకరకాల పదార్థాలతో తేవచ్చు. ఒకటి ఎల్లో ఆక్సైడ్. అది ఇనుము నుంచి వచ్చేది, తుప్పు జాతిదే. ఎండకూ, గోడలోని సున్నపు గుణానికీ తట్టుకుంటుంది, కానీ కాస్త మట్టిగా ఉంటుంది, తళుకు ఉండదు. ఇంకొకటి కర్బన రసాయనాలతో చేసే పసుపు. నిమ్మపండులా తళతళలాడుతుంది, ఎండలో మాత్రం వీటిలో చాలా రకాలు త్వరగా వెలుస్తాయి. బంగారు రంగు రావాలంటే ఒక కంపెనీ ఆక్సైడ్ ఎక్కువ పోసి ఎరుపు తక్కువ వేయవచ్చు, ఇంకో కంపెనీ తళుకు పసుపు పోసి ఎరుపు, నలుపు కలపవచ్చు. పగటి వెలుగులో రెండూ మన కంటికి ఒక్కటే. కానీ ఏ వెలుగును మింగుతాయి, ఏ వెలుగును తిప్పికొడతాయి అన్నది రెండింటికీ వేరు. ఇంట్లో వేసే లైటులో అన్ని రంగుల వెలుగూ పగటి ఎండలో ఉన్న పాళ్లలో ఉండదు. అందుకే లైటు మారగానే జంట విడిపోతుంది. దీన్ని మెటామెరిజం అంటారు.

మనం మార్కెట్లో కొనే తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు ఎక్కువగా 6500 కెల్విన్‌వి, నీలం పాలు ఎక్కువ. పసుపు పచ్చని వెలుగు ఇచ్చే వార్మ్ బల్బులు 3000 కెల్విన్ దగ్గర ఉంటాయి. షాపులో ఒక లైటు, మీ హాల్లో ఇంకో లైటు. కాబట్టి ఏ నమూనా అయినా షాపులో ఒప్పుకోకండి, ఇంటికి తెచ్చి మీ లైట్ల కింద చూడండి.

ఇంకో తమాషా. మీటర్ ప్రతి రంగుకూ మూడు అంకెలు ఇస్తుంది. ఎల్ అంటే వెలుగు ఎంత. ఏ అంటే ఎరుపు వైపా, ఆకుపచ్చ వైపా. బి అంటే పసుపు వైపా, నీలం వైపా. బాబాయ్ గారు చెప్పిన రెండు పచ్చలూ అందులో రెండు వేర్వేరు గీతల మీద ఉంటాయి. పాత రంగుకూ కొత్త రంగుకూ మధ్య మొత్తం తేడాను డెల్టా ఈ అంటారు. సుమారుగా 1 లోపు ఉంటే మామూలు కన్ను పట్టుకోలేదు, 2 దాటితే పక్కపక్కన పెట్టినప్పుడు తెలిసిపోతుంది. షాపులో ఆ అంకె అడిగి చూడండి.

సిరిమాను_వీధి (విజయనగరం) | సోమవారం, మధ్యాహ్నం 3:30

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా పూజగది స్తంభాలకు మెరిసే బంగారు పెయింట్ ఉంది. అది కూడా ఇలా మీటర్‌తో చదివిస్తే వస్తుందా?

టింటింగ్_మెషిన్ | సోమవారం, మధ్యాహ్నం 3:44

రాదండి. మెరిసే వాటిలో అభ్రకం రేకుల్లాంటివి ఉంటాయి, చూసే కోణం మారితే రంగు మారుతుంది. షాపులో ఉండే మామూలు మీటర్ ఒకే కోణంలో చదువుతుంది. స్తంభం మొత్తం ఒకే డబ్బాతో మళ్లీ వేయించుకోండి. దాని గురించి వేరే చర్చ పెడితే వివరంగా రాస్తాను.

నిర్వాహకుడు | సోమవారం, సాయంత్రం 5:00

ఏ కంపెనీ గొప్ప అనే వాదన ఇక్కడ వద్దు. రెండు పోస్టులు తీసేశాను. ప్రతి ఏడూ దసరా ముందు ఇదే గొడవ.

గోగునార (నెల్లిమర్ల) | సోమవారం, రాత్రి 8:10

ఇంత సైన్సు ఎందుకు? మా ఇంట్లో మేస్త్రి తెల్ల ఎమల్షన్ డబ్బా, స్టెయినర్ (పెయింట్‌లో కలిపే చిక్కటి రంగు) సీసాలు నాలుగు పెట్టుకుని కళ్లముందే కలిపాడు. ఫాస్ట్ ఎల్లో, ఎల్లో ఆక్సైడ్, చుక్క ఎరుపు. అరగంటలో అయిపోయింది. అచ్చం గోడ రంగే.

రోలర్_బాబాయ్ | సోమవారం, రాత్రి 8:55

నెల్లిమర్ల తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లు చేతి కలుపుడే చేశాను. చేయి తిరిగినవాడైతే వస్తుంది, కాదనను. కానీ లేత రంగులకు వచ్చినంత సులువుగా ఈ ముదురు బంగారానికి రాదు. తెల్ల డబ్బాలో ఎంత పసుపు పోసినా మజ్జిగలో పసుపు కలిపినట్టే ఉంటుంది, పాకం రంగు రాదు. అందులో తెలుపే ఎక్కువ కదా. పైగా స్టెయినర్ మితిమీరితే పెయింట్ సరిగా ఆరదు, తుడిస్తే చేతికి అంటుతుంది. సీసా మీద ఎంతవరకు పోయవచ్చో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. ముదురు రంగుకు ముదురు బేస్‌తోనే మొదలుపెట్టాలి. దానికి మెషినే నయం. మెషిన్ కలిపాక ఆఖరి రెండు చుక్కలు మాత్రం మనిషి కన్నుతో వేయాలి.

ఆ బేస్‌కు ఒక లోపం ఉంది. తెలుపు తక్కువ కాబట్టి అడుగు కనబడుతుంది. తెల్ల పుట్టీ మీద నేరుగా వేస్తే మూడు కోట్లు వేసినా లోపల తెలుపు తొంగిచూస్తుంది. రంగుకు ముందు అడుగు పూతగా ప్రైమర్ కొట్టారా అమ్మా?

తోటపాలెం_ఇల్లు | సోమవారం, రాత్రి 9:15

లేదండి. పుట్టీ రుద్ది నేరుగా రంగు వేశారు. చిన్న మచ్చే కదా అన్నారు.

పొందూరు చెల్లీ, కిటికీ ఎదురుగానే ఉంది. కర్టెన్లు చిలకపచ్చ!

పొందూరు_నూలు | సోమవారం, రాత్రి 9:18

రేపు పొద్దున్నే అవి తీసి దాచేయండి అక్కా. ఎండ వాటిలోంచి వచ్చి గోడ మీద పడితే ఏ రంగు చూసినా నమ్మడానికి లేదు.

టింటింగ్_మెషిన్ | సోమవారం, రాత్రి 9:50

నిగనిగ పోయిందన్నారు కదా, దాని సంగతి. రంగు కుదిరినా మెరుపు కుదరకపోతే అతుకు కనిపిస్తూనే ఉంటుంది. రాత్రి హాల్లో లైట్లు ఆపేసి, మొబైల్ టార్చి గోడకు దాదాపు ఆనించి పక్కవాటుగా వేయండి. పాత గోడ మీద వెలుగు మెత్తగా జారుతూ మెరిస్తే అది సిల్క్ రకం. కొత్త మచ్చ మీద వెలుగు చచ్చుగా ఉంటే మీకు మాట్ ఇచ్చారన్నమాట. ఒకే కోడ్ మాట్‌లోనూ సిల్క్‌లోనూ కలిపితే సిల్క్ కాస్త ముదురుగా, నిండుగా కనిపిస్తుంది, మాట్ లేతగా ఉంటుంది. మీటర్ రంగే చెబుతుంది, మెరుపు చెప్పదు. షాపులో మీరే నోరు తెరిచి అడగాలి.

ప్రైమర్ లేని పుట్టీ మరో దొంగ. రంగులోని నీళ్లనూ జిగురునూ గబగబా పీల్చేస్తుంది, పైన పొర చప్పబడుతుంది.

సిమెంటు_లెక్కలు | సోమవారం, రాత్రి 10:20

నా స్విచ్‌బోర్డు సలహా వెనక్కి తీసుకుంటున్నాను. బాబాయ్ గారికి దండం.

మేడం, ఒక ప్రశ్న. టీవీ వెనుక చెక్క ప్యానెల్ ఉందా? ఉంటే నేల నుంచి సీలింగ్ దాకా ఉందా, మధ్యలో ఆగిందా? అతుకు దానికి ఏ వైపు పడింది?

తోటపాలెం_ఇల్లు | సోమవారం, రాత్రి 10:26

నేల నుంచి సీలింగ్ దాకా ఉంది, టేకు రంగు. మచ్చ దానికి ఎడమ పక్క. మచ్చ ఉన్న భాగం మూల నుంచి ప్యానెల్ దాకా అయిదడుగులు ఉంటుందేమో. కుడివైపు భాగం పెద్దది, అటు ఏమీ కాలేదు.

సిమెంటు_లెక్కలు | సోమవారం, రాత్రి 10:33

అయితే మీ పని సగం అయిపోయినట్టే. మచ్చ ఒక్కదాన్నే కలపాలని చూడకండి. మూల నుంచి ప్యానెల్ అంచు దాకా, కింద నుంచి పై దాకా ఎడమ భాగం మొత్తం ఒకే డబ్బాతో వేయండి. గోడ మధ్యలో పాత కొత్త పక్కపక్కన వస్తే డెల్టా ఈ 2 ఉన్నా కన్ను పట్టేస్తుంది. మధ్యలో రెండడుగుల టేకు చెక్క అడ్డం ఉంటే పట్టుకోవడం కష్టం. మామగారి పాత రంగు కుడివైపు అలాగే ఉంటుంది, ఆయన కూడా కాదనలేరు.

అయిదు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు అనుకుంటే 50 చదరపు అడుగులు. నున్నటి గోడకు రెండు కోట్లకు లీటరు సరిపోతుంది, కాస్త మిగులుతుంది కూడా.

రోలర్_బాబాయ్ | మంగళవారం, ఉదయం 6:02

శభాష్ బాబూ. నేను చెప్పబోయిన మాట. బ్రష్ మూలలకే వాడండి, మిగతాదంతా రోలర్. పాత గోడ రోలర్‌తో వేసినదైతే దాని మీద సన్నని నారింజ తొక్క గరుకు ఉంటుంది, బ్రష్ గీతలు దాని పక్కన పరాయివాళ్లలా నిలబడతాయి.

తోటపాలెం_ఇల్లు | బుధవారం, రాత్రి 9:10

రెండు రోజుల కథ చెబుతాను.

నిన్న బడి నుంచి నేరుగా గంటస్తంభం వైపు ఒక షాపుకు వెళ్లాను, మీటర్ ఉందని ముందే ఫోన్ చేసి కనుక్కుని. ముక్క తీయడంలో రెండు పగిలిపోయాయి, మూడోది బాగా వచ్చింది. ఆయన మూడు చోట్ల ఆనించి చదివారు. కొత్త మట్టి రంగు మచ్చ నుంచి కూడా చిన్న ముక్క తీసుకెళ్లాను, ఊరికే చూద్దామని. తేడా 9 చూపించింది! ఎల్ కూడా పడిపోయింది, బి కూడా పడిపోయింది. కుర్రాడు పసుపును నిజంగానే చంపాడు.

మెషిన్ ఇచ్చిన ఫార్ములాతో సిల్క్ రకంలో లీటరు కలిపించాను. అక్కడే అట్టముక్క మీద పూస్తే బాగా లేతగా ఉంది. నా గుండె జారిపోయింది. "ఆరనివ్వండి మేడం" అని ఆయన హెయిర్ డ్రయ్యర్ పెట్టారు. ఆరేకొద్దీ ముదిరింది.

ఇంటికి తెచ్చి రెండు కోట్లు పూసిన అట్టను గోడకు ఆనించి నాలుగు వేళల్లో చూశాం. పొద్దున్న బాగుంది. మధ్యాహ్నం బాగుంది. ట్యూబ్‌లైట్ కింద ఒక పిసరు చల్లగా ఉంది, అంటే ఆకుపచ్చ వైపు. ఈసారి ఆ మాటే ఫోన్‌లో చెప్పాను, "ఎరుపు కొంచెం కావాలి" అని. పచ్చ అనే మాట నోట రానివ్వలేదు.

రోలర్_బాబాయ్ | బుధవారం, రాత్రి 9:31

ఎంత పోశారు?

తోటపాలెం_ఇల్లు | బుధవారం, రాత్రి 9:35

ఈ సాయంత్రం డబ్బా తీసుకెళ్తే రెడ్ ఆక్సైడ్ రెండు చుక్కలు. షేకర్‌లో పెట్టి తిప్పారు. మళ్లీ అట్ట. ఇప్పుడు ట్యూబ్‌లైట్ కింద ఆ అట్ట ఎక్కడుందో మా పాప వెతకాల్సి వచ్చింది.

నాగావళి_గట్టు | బుధవారం, రాత్రి 9:50

మేడం, లీటరులో రెండు చుక్కలకే ఇంత తేడా వస్తుంది, గమనించండి. మళ్లీ ఇంకో లీటరు కలిపిస్తే ఇదే రంగు వస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. చాలదనుకుంటే ఇప్పుడే రెండో లీటరు తెచ్చి, రెండూ పెద్ద బకెట్లో పోసి కలిపేయండి. సగం గోడ దగ్గర డబ్బా మార్చడమే అసలు ప్రమాదం.

తోటపాలెం_ఇల్లు | ఆదివారం, రాత్రి 8:40

ఈరోజు వేయించాం. నిన్ననే పాత మచ్చ మొత్తం గీకించి, మళ్లీ పుట్టీ, ఆరాక ప్రైమర్. ఎడమ భాగం అంతా సన్న కాగితంతో రుద్ది తుడిచారు. పొద్దున్న ఒక కోటు, అయిదు గంటలు ఆగి రెండో కోటు. మధ్యలో వాన పడింది, గోడ ఆరడం లేదని ఫ్యాన్ పెట్టుకుని కూర్చున్నాం. లీటరు సరిగ్గా సరిపోయింది, అడుగున గ్లాసుడు మిగిలింది. గాజు సీసాలో పోసి మూత బిగించాను.

పక్కనుంచి టార్చి వేసి చూశాను కూడా. గాడి కొట్టిన గీత వేలికి కొంచెం తగులుతోంది, కంటికి లేదు.

మామగారు సాయంత్రం నడకకు వెళ్లి వచ్చి సోఫాలో కూర్చుని చాలాసేపు చూశారు. "కుడివైపు కొంచెం వెలిసిందమ్మా" అన్నారు. కుడివైపు మేం ముట్టుకోనేలేదు.

మూడులాంతర్లు | ఆదివారం, రాత్రి 8:44

😂😂 ఇప్పుడు కుడివైపుకు మ్యాచింగ్ మొదలు.

టింటింగ్_మెషిన్ | ఆదివారం, రాత్రి 9:02

మేడం, ఈసారి చీటీ పోగొట్టుకోవద్దు. ఫార్ములా చీటీ ఫోటో తీసుకోండి. కంపెనీ, రకం, ఏ బేస్, తేదీ, పైన పోసిన రెండు చుక్కల ఎరుపు, అన్నీ ఒక కాగితం మీద రాసి ఆ గోడ స్విచ్‌బోర్డు ప్లేటు లోపలి వైపు అంటించండి. ముందు మెయిన్ ఆపండి.

సిమెంటు_లెక్కలు | ఆదివారం, రాత్రి 9:06

చివరికి నా స్విచ్‌బోర్డుకు ఒక పని దొరికింది.

తోటపాలెం_ఇల్లు | శనివారం, సాయంత్రం 6:20

నిశ్చితార్థం గురువారం బాగా జరిగింది. ఫోటోలు వచ్చాయి. ఫోటోగ్రాఫర్ లైట్ల కింద రెండు వైపులా ఒకటే రంగు. కర్టెన్లు గంధం రంగువి కుట్టించాం. చిలకపచ్చవి మా ఆడపడుచు అత్తారింటికి పట్టుకెళ్తానంటోంది.

ఇంకో విషయం చెప్పాలి. చుట్టాలు వస్తారని అత్తగారు తులసి డబ్బా కడిగారు. దానికి ప్రతి పండక్కీ జేగురు పూసి ముగ్గు వేస్తుంటారు, ఐదేళ్ల పూత దళసరిగా పేరుకుపోయింది. కొబ్బరి పీచుతో రుద్దితే పక్కన ఇంకో చీటీ బయటపడింది. కోడ్ సగం చెరిగిపోయింది కానీ షేడ్ పేరు శుభ్రంగా ఉంది.

అందులో 'గోల్డ్' అన్న మాటే లేదు. మామగారికి ఇంకా చెప్పలేదు.